చిరుగంచుల సనావుల్లా

సనావుల్లా తిరిగి రాలేదా, రానివ్వలేదా? ఇన్నేళ్లు గడిచాక కూడా ఈ రెంటిలో ఏది నిజమో నాకు తెలియదు.

అతను సెలవు మీద ఊరికి వెళ్లాడు. సెలవు అయిపోయినా రాలేదు. "ఇంటి దగ్గరే ఉండిపోతానని వాడే కబురు పంపాడు" అన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. లేబర్ క్యాంపులో ఉండే కార్మికులు మాత్రం కంపెనీయే అతని వీసా కొట్టేసిందని, అంటే రద్దు చేసిందని, చెప్పుకున్నారు. వీసా పనులు చూసే మనిషిని అడిగితే, అరబ్బీ కాగితాల కట్ట సర్దుకుంటూ "ఖలాస్, మేడమ్" అన్నాడు. ఎవరు ఖలాస్ చేశారో చెప్పలేదు. సనావుల్లా ఇచ్చి ఉంచిన నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది. దుబాయ్ నుంచి అనగానే "ఆయన ఇంట్లో లేడు" అని పెట్టేసింది. ఆ గొంతు అతని భార్య తస్లీమాదో, కాదో. కథల్లోనైతే ఇలాంటి చోట ఒక ఉత్తరమైనా దొరుకుతుంది. నాకేమీ దొరకలేదు. తెలిసినంత మటుకు రాస్తాను.

ఉమ్ అల్ క్వైన్‌లో అల్యూమినియం తలుపులు, కిటికీలు తయారు చేసే ఫ్యాక్టరీ మాది. నేను అక్కడ కొనుగోళ్ల విభాగంలో పని చేసేదాన్ని. షార్జాలో రోలా దగ్గర మా ఇల్లు. పొద్దున్నే కంపెనీ వ్యాను ఎక్కితే, ఒళ్లో పుస్తకం పెట్టుకుని నాలుగు పేజీలు చదివేలోపు ఇసుక మొదలయ్యేది. సనావుల్లా స్టోర్సులో హెల్పరు. నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మనిషి. నలభై దాటిన వయసు, బక్కపలచని ఒళ్లు, క్యాంపులో ఉంటున్నా మడత నలగని చొక్కా. ఈ దేశం రాకముందు నెల్లూరులో పెళ్లికార్డులు వేసే ప్రెస్సులో పని చేశాడట. ఇక్కడికి వచ్చాక శుక్రవారాలు రోలాలో కంప్యూటరు నేర్చుకున్నాడు.

రెండువేల అయిదులో కంపెనీ ఒక కొత్త పద్ధతి పెట్టింది. అంతవరకు కార్మికుడికి సెలవు కావాలన్నా, కంపెనీ దగ్గర ఉన్న పాస్‌పోర్టు కావాలన్నా, ఫోర్‌మన్‌ను పట్టుకోవాలి. ఆయన దయ కలిగినప్పుడు ఆఫీసుకు చీటీ రాసేవాడు. ఇకమీదట చీటీలు లేవు. గేటు దగ్గరున్న టైమాఫీసులో ఒక కంప్యూటరు పెట్టారు. ఎవరి సెలవు వాళ్లే దాని మీద అడగాలి. ఎక్కడ నొక్కాలో, ఏం నింపాలో బొమ్మలతో, తెలుగులో, హిందీలో చూపించే కాగితాలు తయారు చెయ్యమని ముదీర్ సనావుల్లాకు చెప్పాడు.

చెబుతూ ఒక మాట కూడా ఇచ్చాడు. రంజాన్ లోపు కార్మికులందరూ కంప్యూటరు మీదే సెలవులు అడిగేలా చేస్తే, సనావుల్లా వీసాలో 'హెల్పర్' అని ఉన్నదాన్ని 'క్లర్క్' అని మార్పిస్తానన్నాడు. హెల్పరు భార్యను తెచ్చుకోలేడు. క్లర్కు, దానికి తగ్గ జీతముంటే, తెచ్చుకోవచ్చు. సనావుల్లాకు పెళ్లయిన దగ్గర్నుంచి తస్లీమాతో కలిసి ఉన్న కాలం కంటే విడిగా ఉన్న కాలమే ఎక్కువ. ఆ మాట విన్న వారం నుంచే అతను రోలాలో గదులు వెతకడం మొదలుపెట్టాడు. "అద్దెకు ఇచ్చేవాళ్లు ముందు ఫ్యామిలీ ఉందా అని అడగతా ఉండారు మేడమ్. ఉండాది, వస్తా ఉండాది అంటే నవ్వతా ఉండారు" అని నాకు చెప్పాడు.

స్టోర్సులో మంచి కంప్యూటరు లేదని అతన్ని నా గదిలో కూర్చోబెట్టారు. అలా ఆ పనంతా నా కళ్ల ముందే జరిగింది. తెర మీద కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసే ప్రోగ్రామొకటి ఉండేది. ఆ ఫొటోకు బాణాలు పెట్టొచ్చు, అంకెలు వెయ్యొచ్చు. అంచులు కూడా మార్చొచ్చు. అంచు వెనక నీడ వేయొచ్చు, అలలు తిప్పొచ్చు, రంపపు పళ్లలా కొయ్యొచ్చు. వాటన్నిటిలో అతని మనసు దోచింది మాత్రం చిరుగు అంచు. కాగితాన్ని చేత్తో పరపరా చింపినట్టు ఫొటో కింద అంచు గరుకుగా, వంకరగా వచ్చేది. దాని వెనక సన్నటి నీడ. ప్రింటు తీస్తే నిజంగా చింపిన ముక్కను అతికించినట్టే ఉండేది. మొదటిసారి చూసినప్పుడు నేను గోటితో ఆ అంచు లేపబోయాను. వేలికి నున్నటి కాగితం తగిలింది.

"ఏంటి సనావుల్లా గారూ, దీన్ని ఎవరు కొరికారు?"

"ఎలక మేడమ్" అన్నాడు మౌసు ఎత్తి చూపిస్తూ.

"ఇన్ని సోకులెందుకు? వాళ్లకు కావలసింది ఎక్కడ నొక్కాలో."

"అంచు లేకపోతే ఎట్ట మేడమ్? అంచు లేనిది పెళ్లికార్డు కాదు, పోస్టుకార్డు." నవ్వి, కొంచెం గంభీరంగా చెప్పాడు. "ఈ సెలవు తెర శానా పొడుగుండాది. అంతా పెడితే అక్షరాలు చీమలై పోతాయి. సగం కోసి పెట్టినామనుకోండి, మిగతా సగం ఏమైందని అడగతారు. చింపినట్టు చూపిస్తే, కింద ఇంకా ఉండాది, దాంతో మనకు పని లేదు అని వాళ్లకే తెలిసిపోతాది."

సబబుగానే తోచింది. ముదీర్ చూసి "ముంతాజ్!" అన్నాడు. భేషని మెచ్చుకున్నట్టు. గోటితో అతనూ ఒకసారి గీకి చూశాడు.

కాగితాలకు ప్లాస్టిక్ తొడుగు వేయించి టైమాఫీసు గోడకు అంటించారు. హాజరు చూసుకునే పేజీకి నీడ అంచు, ఊరి చిరునామా మార్చే పేజీకి అలల అంచు, సెలవు పేజీకి, పాస్‌పోర్టు పేజీకి చిరుగు అంచు. చూడ్డానికి బాగున్నాయి. ఎవరూ కంప్యూటరు ముట్టుకోలేదు.

వారం తర్వాత ఫోర్‌మన్ సూరిబాబు ఏదో పని ఉన్నట్టు నా గదిలోకి వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. మాట ఎంత మెత్తగా ఉంటే అంత జాగ్రత్తగా వినాలి.

"మేడం గారండీ, మీ గోడ కాగితాలు బెమ్మాండంగా ఉన్నాయండి. జనం దండం పెట్టుకుని పక్కనుంచి ఎల్లిపోతన్నారండి."

"ఎందుకు?"

"ఏటోనండి. సిరిగిన కాగితం మీద ఎవడు సెయ్యెడతాడండి?" సనావుల్లా వైపు చూసి, "ఈయన క్యాంపులోనే ఉంటారు కదండి, ఆయ్, ఈయనకి తెలవదాండి?" అన్నాడు.

 సనావుల్లా తెర మీద బాణం ఒకటి అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం నేనూ అతనూ టైమాఫీసుకు వెళ్లాం. ఆఫీసు వాళ్లం వేరే వాకిలి నుంచి వస్తాం కాబట్టి ఆ గేటు లోపలి వైపు నేనెప్పుడూ చూడలేదు. అక్కడ గోడకు వరసగా ఇనుప అరలున్నాయి, ప్రతి కార్మికుడి హాజరు కార్డుకూ ఒకటి. మందపాటి అట్ట కార్డు, పైన ఫొటో. ఒక పక్కన విడిగా మరికొన్ని అరలు. వాటిలో సగం కార్డులే ఉన్నాయి. ఫొటో ఉన్న పై సగం ఉంది, కింది సగం చింపేశారు. కంపెనీ ఎవరి వీసా రద్దు చేస్తే వాళ్ల కార్డును టైమాఫీసులో అలా చింపి అక్కడ పెడతారట, గేటు కాపలావాడు మొహం గుర్తు పట్టి లోపలికి రానివ్వకుండా. క్యాంపులో 'వాడి కార్డు చిరిగింది' అంటే వాడి పని అయిపోయిందని అర్థం. రోజూ పొద్దున డ్యూటీకి పోతూ అందరూ ఆ సగం కార్డుల ముందు నుంచే పోతారు. సెలవు కాగితం సరిగ్గా ఆ అరల పక్కనే అంటించి ఉంది, కింది అంచు అచ్చంగా అలాగే చిరిగి.

అద్దాలు కోసే జానీ బాషా అక్కడే టీ తాగుతున్నాడు. రాయచోటి మనిషి. రెండేళ్లకోసారి ఇచ్చే సెలవు అతనికి ఎప్పుడో వచ్చి ఉంది. ఇంకా అడగలేదు.

"ఏం సనావుల్లా భాయ్, మా కార్డులు చాల్లేదా? గోడలు గూడా చింపినావే!"

"చింపింది కాదప్పా, బొమ్మ అది."

"బొమ్మయినా చిరిగిందే గదా. కింద ఏం రాసిండారో సూపీ."

"కింద ఏం లేదు బాషా."

"ఏం లేకుంటే ఎందుకు చింపినావు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జానీ బాషా నవ్వలేదు. ఈ కంప్యూటరు మీద సెలవు అడిగినవాడికి పాస్‌పోర్టు ఇచ్చి పంపించి, వెనకాలే వీసా కొట్టేస్తారని, ఆ సంగతే ఆ చిరుగు కింద రాసి ఉందని క్యాంపంతా నమ్మేసింది. ఎవరు మొదట అన్నారో ఎవరూ చెప్పరు. కొత్త పద్ధతితో చీటీల పెత్తనం పోయింది సూరిబాబుకే. అందుకని నా అనుమానం అతని మీదికి పోయింది. కానీ ఆ పుకారు పుట్టడానికి సూరిబాబు అక్కర్లేదు కూడా. ఆ గోడ చాలు.

సనావుల్లా కంప్యూటరు ముందు కూర్చుని, సెలవు తెరను కిందికి, ఇంకా కిందికి జరిపాడు. చివర బూడిదరంగు ఖాళీ తప్ప ఏమీ లేదు.

"చూడండి. ఖాళీ" అన్నాడు.

జానీ బాషా మెడ సాచి చూశాడు. "ఖాళీ అంటే తీసేసిండారు. ముందు ఏముండెనో!"

ఆ రోజే చిరుగు అంచులు తీసేసి, గీత గీసినట్టు తిన్నగా ఉండే అంచులతో కొత్త కాగితాలు వేయించాం. అవి అంటించిన మర్నాడు జానీ బాషా స్టోర్సు దగ్గర ఎదురై, "మేడమ్, ఇప్పుడు కత్తెర పెట్టినారే" అన్నాడు. "చేత్తో చింపితే ఏదో కోపంలో చింపినారనుకుంటాం. కత్తెర పట్టినారంటే కూర్చోని ఆలోచించి చేసినట్టే గదా!"

 ఒకసారి చిరిగినట్టు కనిపించిన కాగితాన్ని మళ్లీ అతికించి చూపించడం ఎవరివల్లా కాదు.

అప్పటినుంచి క్యాంపులో సనావుల్లా పేరు చిరుగంచుల సనావుల్లా అయింది. అతను వంట కలిసి చేసుకునే గదిలోకి వస్తే మాటలు తగ్గేవట. కంపెనీ మనిషని వాళ్ల అనుమానం. ఇటు నా అనుమానం నాకుంది. ఏళ్ల తరబడి ఆ సగం కార్డుల ముందు నుంచి రోజూ నడిచిన మనిషికి, ఆ చిరుగుకు అర్థమేమిటో తెలియదా? నాలుగు పేజీల్లో సెలవుకూ పాస్‌పోర్టుకూ మాత్రమే ఎందుకు పెట్టాడు? ఆ రెండు తెరలే పొడుగన్న మాట నిజమే, నేనూ చూశాను. అయినా ఒకరోజు అడిగేశాను.

"నిజం చెప్పండి. తెలిసే పెట్టారా?"

"కార్డు మనిషి చింపతాడు మేడమ్. ఇది కంప్యూటరు చింపింది. రెంటికీ ఏంది సంబంధం?" అన్నాడు. తర్వాత చాలాసేపు అంచులన్నీ మార్చి మార్చి చూస్తూ, "బాగుండాదనే పెట్టినా" అన్నాడు. ఆ రెండో మాట నన్ను నమ్మించడానికి అన్నట్టు లేదు. తనను తాను అడుగుతున్నట్టు ఉంది.

రంజాన్ దగ్గర పడింది. ఒక్క సెలవూ కంప్యూటరు మీద రాలేదు. ముదీర్ అతన్ని పిలిచాడు. హిందీలో సనావుల్లా చెప్పలేనిది ఏదైనా వస్తే చెప్పడానికని నన్నూ కూర్చోమన్నాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి: అలల అంచుదీ, పాత చిరుగు అంచుదీ. చిరిగిన కార్డు సంగతి ఎవరో అతని చెవిన వేశారు.

"ఇది అందంగా ఉంది. దీన్ని చింపలేదు. దాన్నెందుకు చింపావు?" అని ముదీర్ అడిగాడు. గొంతు పెంచలేదు. "క్యాంపుకు గుర్తు పంపావా? ఈ మిషన్ జోలికి పోవద్దని?"

"లేదు సార్. తెర పొడుగుంది."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"అయితే భయం పుట్టించిన వాళ్ల పేర్లయినా చెప్పు."

 సనావుల్లా సూరిబాబు పేరు అంటాడేమోనని నేను ఎదురు చూశాను. అనలేదు. జానీ బాషా పేరూ అనలేదు. క్లర్కు మార్పు కాగితం అక్కడే, ముదీర్ మోచేతి దగ్గర, సంతకం లేకుండా ఉంది. మా ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది.

"సార్, అందరికంటే ముందు నేను అడగతాను, సెలవు" అన్నాడు చివరికి. "ఈ మిషన్ మీదే. అందరూ చూస్తా ఉండగా. ఊరికి పోయి తిరిగి వస్తాను. నేను వచ్చినానంటే వాళ్ల భయం పోతాది. అప్పుడు సంతకం పెట్టండి."

ముదీర్ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఏం ఆలోచించాడో తెలియదు. "యల్లా" అన్నాడు, సరే కానిమ్మన్నట్టు.

బయటికి రాగానే అన్నాను. "ఇదేం పని? ముందు ఆ సంతకం చేయించుకోండి. ఆ కాగితం చేతికొచ్చాక వెళ్లండి."

"అడిగితే నమ్మకం లేనట్టు కాదా మేడమ్?"

"నమ్మకం ఉందా మీకు?"

"నాకుంటే కదా వాళ్లకొచ్చేది." కారిడారు చివరిదాకా నడిచి వెనక్కి తిరిగాడు. "రోలాలో గది దొరికింది మేడమ్. మలబారీల ఇల్లు. కిటికీ కూడా ఉండాది. తస్లీమాకు చెప్పొద్దామని ఉండా."

మర్నాడు షిఫ్టు మారే వేళకు టైమాఫీసు నిండిపోయింది. సనావుల్లా కుర్చీలో కూర్చుని గోడ మీది కాగితంలో ఉన్నట్టే ఒక్కొక్కటీ నింపాడు. పేరు, నంబరు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ. వచ్చే తేదీ నింపేటప్పుడు అంకెలు పైకి చదివాడు. చివరి బొత్తాం నొక్కబోయి ఆగి, "నువ్వు నొక్కు బాషా" అన్నాడు.

"నేనెందుకు నొక్కల్ల? నీ సెలవు!"

"నువ్వు నొక్కితే నీకు నమ్మకం కుదరతాది."

"నా యేలితో నీ యిసా పోగొట్టేది నాకొద్దు భాయ్."

వెనకనుంచి సూరిబాబు "ఆయ్, నొక్కెయ్యండి బాబూ, డ్యూటీ టైమైపోతంది" అన్నాడు. నవ్వులు రేగాయి. సనావుల్లా తనే నొక్కాడు. తెర మీద పచ్చటి పట్టీ వచ్చింది. పాస్‌పోర్టు రెండు రోజుల్లో అతని చేతికొచ్చింది. ఇదివరకు ఫోర్‌మన్ చుట్టూ ఎంత తిరిగినా అంత త్వరగా ఎవరికీ రాలేదు. ఆ త్వరే చాలామందిని మళ్లీ భయపెట్టింది. "పంపించేదానికి ఎంత తొందరో సూడు" అన్నాడట జానీ బాషా.

మా దగ్గర ఒక మర్యాద ఉంది. సెలవు మీద ఊరెళ్లేవాడు ముందురోజు గదిగదికీ తిరిగి చేతులు కలుపుతాడు. ప్రతివాడూ అతని చేతికి ఏదో ఒకటి ఇస్తాడు, ఊళ్లో తన వాళ్లకు. సబ్బులు, అత్తరు, టార్చిలైటు, పిల్లలకు చొక్కా. తిరిగి రావాల్సినవాడు ఆ బరువు కాదనడు. ఇకమీదట తిరిగి రానివాడు తన సామానుతోనే పెట్టె నింపుకుంటాడు, ఇంకొకరిది పట్టుకోడు.

సనావుల్లా ఎవరి గదికీ వెళ్లలేదట. జానీ బాషా తల్లికి కంటి మందు పంపాలని పట్టుకుని వెతికాడట, దొరకలేదట. ఈ మాట నాకు పొద్దున వ్యానులో డ్రైవరు చెప్పాడు. అతనికి దాని అర్థం తెలుసు. నాకూ తెలుసు. అయినా ఇంకోలాగా కూడా అనుకోవచ్చు. చేతులు కలిపితే వీడ్కోలవుతుంది, వీడ్కోలైతే వెళ్లిపోయినట్టవుతుంది, మళ్లీ వచ్చేవాడికి అదెందుకని అతను అనుకుని ఉండవచ్చు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. వ్యాను ఫ్యాక్టరీ మలుపు తిరిగేదాకా రెంటినీ తూచుతూనే ఉన్నాను.

గేటు ముందు కంపెనీ పికప్ ఇంజను తిరుగుతూ ఉంది. ముందు సీట్లో, డ్రైవరు పక్కన సనావుల్లా. మడత నలగని చొక్కా. ఒళ్లో చిన్న సంచీ. వెనక ఒకే ఒక్క పెట్టె, తాడుతో గట్టిగా బిగించి ఉంది. పొద్దుటి షిఫ్టు వాళ్లు గేటులోపల నిలబడి చూస్తున్నారు. ఎవరూ బయటికి రాలేదు. జానీ బాషా చేతిలో మందు పొట్లం అలాగే ఉంది.

నేను వ్యాను దిగి రెండడుగులు వేశాను. "సనావుల్లా గారూ!" అని పిలిచాను. ఇంజను చప్పుడులో వినపడి ఉండకపోవచ్చు. వినపడి ఉండవచ్చు కూడా. అతను సంచీ మీద రెండు చేతులూ ఆనించి, అద్దంలోంచి ఎదురుగా ఉన్న రోడ్డునే చూస్తున్నాడు. పికప్ ఇసుక లేపుకుంటూ విమానాశ్రయం వైపు తిరిగింది. అతను తల తిప్పలేదు.